వేడి లేని గ్యారేజీలో పనిముట్ల తుప్పు

బ్రిటన్, ఉత్తర అమెరికాల్లో ఇంటి గ్యారేజీనే వడ్రంగానికో లోహపు పనికో పనిశాలగా మలచుకోవడం మామూలు. చాలావాటికి చలికాలంలో వేడి ఉండదు. అక్కడ ఉలి, చిత్రిక, రంపపు బల్లలకు పట్టే తుప్పును కప్పు కారడానికి ముడిపెడతారు గాని, ఎక్కువసార్లు ఆ నీరు గాలిలోదే.

ఘనపు మీటరు గాలిలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 17 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. 5 డిగ్రీల దగ్గర 7 గ్రాములకు మించదు. చలి రాత్రి గడిచి వెచ్చని తేమగాలి వీస్తే, బరువైన పోత ఇనుము మాత్రం గంటల తరబడి చల్లగానే ఉండి, చెమ్మ పడుతుంది. కంటికి నీరు కనిపించకపోయినా తుప్పు ఆగదు. సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే, ముఖ్యంగా గాలిలో గంధకపు వాయువు ఉన్నచోట, అది వేగం పుంజుకుంటుందని 1930ల తొలినాళ్లలో డబ్ల్యు. హెచ్. జె. వెర్నన్ చూపారు. ఉప్పుగాలి సోకే తీరాల్లో, విశాఖపట్నంలో లాగా, ఈ హద్దు ఇంకా దిగువనే ఉంటుంది.

తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలన్న సలహా తరచు వినిపిస్తుంది. పొడి చలిలో అది మేలే. మంచు కరిగే రోజుల్లో మాత్రం తలుపు మూసి ఉంచడమే సరైనదనిపిస్తుంది. పొగగొట్టం లేని కిరోసిన్ హీటరు అసలు పనికిరాదు: లీటరు కిరోసిన్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరై అదే గదిలో చేరుతుంది. పనిముట్ల పెట్టెలో చిన్న విద్యుత్ బల్బు వెలిగించి, ఇనుమును గాలికన్నా రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంచడం ఇంతకంటే నయం. తేమ తీసే యంత్రాల్లో కంప్రెసర్ రకం చలిలో నీరసిస్తుంది, శోషక పదార్థంతో నడిచేది నిలబడుతుంది. కాంక్రీటు నేల కింద పాలిథీన్ పొర లేకపోతే నేల నుంచీ చెమ్మ ఊరుతుంది.

మూసిన సొరుగులకు సిలికా జెల్ చాలు. వాల్టర్ పాట్రిక్ దానికి పేటెంటు పొందిన ఏడాదిని కొందరు 1918గా, కొందరు 1919గా రాస్తారు; మొదటిది దరఖాస్తు తేదీ కావచ్చు. నీలిరంగు గుళికలు గులాబీరంగుకు తిరిగితే వేడిచేసి మళ్లీ వాడాలి.

పూతల్లో పేరుమోసిన డబ్ల్యుడి-40 1953లో శాన్ డియేగోలో పుట్టింది. కంపెనీ దాన్ని నార్మన్ లార్సెన్ పేరిట చెబుతుంది. ఐవర్ నార్మన్ లాసన్ ఇంట్లో తయారుచేసి ఇచ్చాడన్న మరో కథనమూ ఉంది. పేటెంటు తీసుకోలేదు గనుక తేల్చడం కష్టం. పేరులోని రెండక్షరాలు నీటిని తొలగించడాన్ని సూచిస్తాయి. ఆ పని అది చక్కగా చేస్తుంది, కాని పలుచని పొర కావడంతో నెలల తరబడి వాడని పనిముట్టుకు మైనమో లానోలిన్‌తో చేసిన పూతో పట్టించడం మంచిది. పూతకు ముందు వేలిముద్రలు తుడవాలి. చేతి చెమటలోని ఉప్పు పొర కింద కూడా ఇనుమును తింటుంది.