రీజెన్సీ ప్రణయకథలు – గోదావరీముఖమునందలి మగ్గములు

ఆంగ్లదేశపు రాజైన మూఁడవ జార్జి మతిచాంచల్యముచే రాజ్యభారము వహింపలేకపోఁగా, ఆతని జ్యేష్ఠపుత్రుఁడు 1811వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన రాజప్రతినిధి యయ్యెను. 1820 జనవరి 29వ తేదీన ముదుసలిరాజు మరణించుటతో నా ప్రాతినిధ్యము ముగిసెను. ఈ తొమ్మిదేండ్లకును రీజెన్సీకాలమని పేరు. ఇంత స్వల్పమైన కాలఖండము ఇంత విస్తారమైన ప్రణయకథాసముదాయమునకు నిలయమగుట యరుదు. రాజులును, యుద్ధములును గాక, కొలఁది కుటుంబముల విందులు, నృత్యసభలు, వివాహప్రయత్నములు నీ కథలకు వస్తువు. వీనిని జదివి యానందించు తెలుఁగువారు కలరు. చదివియుఁ జదివితిమని చెప్పుకొనుటకు సంకోచించువారును గలరు.

ఈ కథలలో రెండు తెగలను వేఱుపఱుపవలెను. జేన్ ఆస్టిన్ (1775–1817) తన కాలమును దానే వ్రాసెను. 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' 1811లోను, 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లోను, 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' 1814లోను వెలువడినవి. 1815 డిసెంబరులో వెలువడిన 'ఎమ్మా' రాజప్రతినిధికే యంకితము. ఆమెకది చరిత్రము కాదు, ఇంటిముందఱి వీథి. జార్జెట్ హేయర్ (1902–1974) నూఱేండ్లకుఁ బైగా గడచిన పిమ్మట, 1935లో 'రీజెన్సీ బక్' వ్రాసి, ఆ వీథిని గ్రంథములనుండియు లేఖలనుండియుఁ దిరిగి కట్టెను. 1937 నాఁటి 'ఆన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ' యను నవలలో వాటర్లూ యుద్ధమును వర్ణించుటకై యామె పడిన శ్రమ చరిత్రకారులకుఁ దగినది. తరువాతి రచయిత్రులలోఁ బలువురు హేయరును జదివి వ్రాసినవారేకాని యాకాలపుఁ బత్రములను జదివి వ్రాసినవారుగాఁ దోఁపరు.

కల్పితమగుటచే నవల తేలికయని పండితులలోఁ గొందఱి మతము. కేతన తెనిఁగించిన దశకుమారచరిత్రమును, సూరన కళాపూర్ణోదయమును గల్పితకథలే. లక్షణదృష్టితోఁ జూచినచో రీజెన్సీ ప్రణయకథ యించుమించుగా నాద్యంతము విప్రలంభశృంగారము. సంభోగము తుదిపుటకుఁ బిదప నూహింపవలసినదే. అందొక చిత్రము కలదు. మానము ప్రణయము పుట్టిన పిదపఁ బొడసూపునని మన లక్షణకర్తల మర్యాద. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నందు మానము ముందు పుట్టినది, ప్రణయము దానినుండి మెల్లఁగా నంకురించినది. ఎలిజబెత్ డార్సీని దిరస్కరించు ఘట్టముకడ శాస్త్రమెఱిఁగిన పాఠకుఁడు పొందు ఱెట్టింపు సంతోషమున కీ క్రమవ్యత్యయమే హేతువు.

ఉద్దీపనవిభావముల మాట యటులే వేఱు. చందురుఁడును, మలయానిలమును వీరికి విశేషముగాఁ బనికిరావు. ఉత్తరము, చేతితొడుగు, నృత్యమున నొకపరి పట్టి విడిచిన చేయి, అన్నిటికంటెను గట్టిన వస్త్రము వీరికి నుద్దీపనములు. మస్లిను వన్నెయు, దానిపైఁ బూరెమ్మలును జెప్పక హేయరు కథ కదలదు. 1956లో నామె ప్రకటించిన యొక నవలకు 'స్ప్రిగ్ మజ్లిన్' అని వస్త్రము పేరే పేరు.

ఆస్టిన్ మరణానంతరము 1817 డిసెంబరులో వెలువడిన 'నార్తాంగర్ ఆబీ' చాలవఱకు అంతకు మున్నే, పదునెనిమిదవ శతాబ్ది తుదిలో వ్రాయఁబడినది. అందు బాత్ నగరపు నృత్యసభలో హెన్రీ టిల్నీ యను యువకుఁడు తన చెల్లెలి యుడుపునకై కొన్న గుడ్డను గూర్చి యొక ప్రౌఢస్త్రీతోఁ బ్రసంగించును. గజ మైదు షిల్లింగులకే దొరకినదనియు, అది నిజమైన యిండియా మస్లిననియు నాతని యతిశయము. పురుషుఁడు గుడ్డల వెలలెఱుఁగుట యందలి హాస్యమునకు నవ్వి యాంగ్లపాఠకుఁడు పుట త్రిప్పును. గోదావరీతీరపుఁ బాఠకుఁడు 'నిజమైన' యను విశేషణముకడఁ గొంత నిలువవలెను. నిజమైనదని చెప్పవలసివచ్చుటకు నిజము కానిది యంగడిలో నుండవలెను గదా. 1779లో క్రాంప్టన్ కనిపెట్టిన నూలుయంత్రముతో లాంకషైరునందును, స్కాట్లండునందలి పెయిస్లీయందును సన్నని మస్లినులు తయారగుచుండెను. హాస్యార్థము వ్రాసిన యా మాటలో నొక పరిశ్రమకుఁ గలిగిన యుపద్రవము సూచితమైనది. రచయిత్రి యుద్దేశించినదని కాదు.

టిల్నీ కొన్నగుడ్డ కోనసీమది యనరాదు. అట్టి సన్నని నేఁతకు వంగదేశమునందలి ఢాకా ప్రసిద్ధి. గోదావరీప్రాంతము ముతకయు సన్నమును గాని నడిమితరపు తెల్లబట్టలకుఁ బేరువడసెను. ఆంగ్ల కంపెనీకి నిచ్చట మూఁడు వర్తకస్థానములుండెను: అమలాపురము సీమలో సముద్రపుటొడ్డున బెండమూర్లంక, యానామునకుఁ జేరువ ఇంజరము, నరసాపురముకడ మాధవాయిపాలెము. ఈ కడపటిది వసిష్ఠకుఁ బడమటి గట్టున నున్నను, తూర్పుగట్టునందలి రాజోలు సీమకు నెదురే. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ యీ మూఁటిని బట్టుకొనెను. 1758 డిసెంబరులో చందుర్తికడ ఫ్రెంచివా రోడిపోయిరి. 1766 నాఁటి నిజాము సంధితో నుత్తరసర్కారులు కంపెనీవశమైనవి. అంతట వర్తకుఁడే ప్రభు వయ్యెను. బయానా పుచ్చుకొన్న సాలె యా బట్టను వేఱొకని కమ్మరాదు. వెల కుదుర్చువాఁడును, తగవు తీర్చువాఁడును నొక్కఁడే. పదునెనిమిదవ శతాబ్ది తుదిలో నీ సీమల సాలీలు గుమిగూడి మొఱలిడుటకుఁ గారణ మిదియే.

మాధవాయిపాలెమను పేరు ఆంగ్లేయుల నోటఁబడి 'మాడపోలం' అయి, తుదకు మెత్తని యొక తెల్లబట్టకు సామాన్యనామమై నిఘంటువుల కెక్కినది. ఆ బట్టనే యదే పేరుతో లాంకషైరు మరమగ్గములు నేసి తూర్పుదేశములకుఁ బంపినవి. ఊరిపేరు మిగిలెను, ఊరి నేఁత యడుగంటెను. 1813వ సంవత్సరపు చార్టరు చట్టముచే హిందూదేశవర్తకమునందుఁ గంపెనీకున్న గుత్త రద్దయ్యెను. ఆ సంవత్సరమే ఎలిజబెత్, డార్సీల కథ తొలిసారి యచ్చువడినదని స్మరింపఁదగును. 1820కిఁ బిదపఁ బదేండ్లలో గోదావరీప్రాంతమునఁ గంపెనీవారి వస్త్రపుఁ గొనుగోళ్లు నిలిచిపోయెను. వెంటనే కఱవులు. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ వ్రాసిన నివేదిక యీ మండలపు దైన్యమును దెలిపెను. ధవళేశ్వరపు టానకట్టయు (1847–1852), గన్నవరముకడ వైనతేయపై నలువదితొమ్మిది కమానుల యక్విడక్టును దరువాతి కథ. దానిచేఁ గర్షకుఁడు తేఱుకొనెనుగాని సాలె తేఱుకొనలేదు.

ఆ తొమ్మిదేండ్లు తెలుఁగువారికిఁ గేవలము నష్టకాలమనుటయు సరికాదు. 1812లో చెన్నపురి సెంట్ జార్జి కోటయందుఁ గళాశాల వెలసెను. 1816లో కాంప్‌బెల్ తెలుఁగు వ్యాకరణమును, అందు ద్రావిడభాషల స్వతంత్రతను స్థాపించిన ఎల్లిస్ పీఠికయు వెలువడెను. పండితుఁడు దొరకు భాష నేర్పి జీతము తెచ్చుకొనుచుండఁగా సాలె దొరకు బట్ట నేసి ఋణపడుచుండెను. ఒక నవలకు నింతకంటెఁ గావలసినదేమి?

ఐనను మన ప్రసిద్ధనవల లీ దెసకుఁ జూడలేదు. వీరేశలింగముగారు 1878లో రాజశేఖరచరిత్రమునకు గోల్డ్‌స్మిత్ యొక్క 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు'ను ఆధారముగాఁ గొని, దానిని ధవళేశ్వరమున నిలిపి మేలుచేసిరి. రాజమహేంద్రవరపు చింతామణి పత్రిక నవలాపోటీల నాఁటినుండి చారిత్రకనవల దూరదేశముల కేఁగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి హేమలత (1896) చిత్తూరు రాజపుత్రులది, అహల్యాబాయి (1897) మహారాష్ట్రులది. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికామండలి ప్రోత్సాహముతో విజయనగరమును, పిదప బాపిరాజుగారి గోన గన్నారెడ్డితో నోరుగల్లును నవలకెక్కినవి. పరాధీనమైన జాతికి వీరులు కావలసియుండిరి. 1811–1820 నడుమ గోదావరిలో వీరుఁడు కానరాఁడు. కనఁబడువారు దుబాసి, గుమాస్తా, సాలె, వైదికుఁడు, కరణము. అట్టివారితోఁ బ్రణయకథ నడపరాదని మనవా రనుకొనిరి కాఁబోలు. రాజప్రతినిధి పాలించిన కాలమున, ఆతనికే గ్రంథ మంకితమిచ్చియు, ఆతనిఁ గథలోనికి రానీయక, పల్లెపట్టుల కుటుంబములతోడనే రసపోషణము చేసిన ఆస్టిన్ యుదాహరణము వారికిఁ గంటఁబడకుండుట శోచనీయము.

సామగ్రి లేమి దీనికిఁ గారణము కాదు. గోదావరీమండల రికార్డులును, ఇంజరము, మాధవాయిపాలెము రెసిడెంట్ల యుత్తరప్రత్యుత్తరములును పత్రాగారములఁ గలవు. అందు థానుల లెక్కలు, తిరస్కరింపఁబడిన బట్టల పట్టీలు, సాలీల యర్జీలు కనఁబడును. హేయరు గ్రంథములను, లేఖలను జదివిన శ్రద్ధతో వీనిఁ జదువు నవలాకారుఁడు రావలసియున్నది. అంతదనుక రీజెన్సీ కథలను జదువు కోనసీమవాసి, కథానాయిక మస్లిను కుచ్చెళ్లు సవరించుకొను ప్రతిచోటను దనంతఁ దానే యీ శేషమును బూరించుకొనవలెను. దానిచే నాతని యానందము తగ్గదు. మగ్గపు శబ్దము నాతఁ డమలాపురము చెంత బండారులంకలో వినవచ్చును. సఖినేటిపల్లినుండి పంటుపై వసిష్ఠను దాటువారు దిగు రేవునకు మాధవాయిపాలెపు రేవనియే పేరు.