విజీనారం సంగీత కాలేజీ కబుర్లు

కుంపటి దగ్గరికి జరగండిరా గుంటల్లారా. మన సంగీత కాలేజీ గురించి అడిగినారు కదా, చెప్తాను.

1919లో విజయరామ గజపతి మహారాజావారు పెట్టినారు దాన్ని. కొలువులో ఉన్న ఒకాయన కొడుక్కి చూపు లేదట, పాటంటే ప్రాణమట, ఆ పిల్లడి కోసమే మొదలైందని మా నాన్న చెప్పీవారు. తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. మన బొబ్బిలి దగ్గర అజ్జాడ ఆయనది. హరికథకి గజ్జె కట్టి చిడతలు పట్టినారంటే కూర్చున్న జనం కూర్చున్నట్టే ఉండీవారు. రెండు చేతులా రెండు తాళాలు, రెండు కాళ్లా రెండు, తలతో ఇంకొకటి. అయిదూ ఒక్కసారే నడిపీవారు! కుడిచేత్తో ఆది, ఎడంచేత్తో రూపకం వేసి చూడండి, మీకే తెలుస్తుంది అదెంత కష్టమో.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు శిష్యుడిగా చేరదామని వచ్చినారు. ఆయన ఫిడేలు విని దాసుగారు ఏకంగా పాఠం చెప్పే పనిలో పెట్టీసినారు. అప్పటికి నాయుడుగారికి 26 ఏళ్లు. కళ్లు సరిగా ఆనవు, ఆ చెవికి మాత్రం తిరుగులేదు. పాటకుడి పక్కన కూర్చునే ఫిడేలుకి సొంతంగా కచేరీ చేసే గౌరవం తెచ్చినవాళ్లలో ఆయనది పెద్ద పేరు. 1936లో ఆయనే ప్రిన్సిపాలు అయినారు. మన ఊళ్లో పుట్టిన గాయని సుశీలమ్మ చదివింది కూడా ఆ కాలేజీలోనే.

అయితే ఇదంతా రాజుగారి చలవేనని అనుకోకండి. కాలేజీ పాఠం చెప్పింది, అన్నం ఊరు పెట్టింది. ఊరుగాని ఊరొచ్చిన పిల్లలకి వారాలిచ్చీవారు. సోమవారం ఒకింట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో. వారం దొరకనివాళ్లు జోలె కట్టి మధుకరానికి వచ్చీవారు. ఒకింటి అన్నం, ఒకింటి పప్పు, ఇంకో ఇంటి పులుసు అన్నీ ఆ ఒక్క గుడ్డలోనే పడాలి. అందుకని మా అమ్మ కూర గట్టిగా వండి, ముద్ద చేసి మరీ వేసీది, కారిపోకుండా. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన గాయకుడు ఘంటసాల కూడా అలా జోలె పట్టినవాడే. కాలేజీ గురువు పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనకి ఇంట్లో చోటిచ్చి, పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పినారు. అలాంటి గురువులు కాలేజీకే కాదు, ఊరికే అండ.

పై దేశాల్లో కొన్ని ఊళ్లకి సొంత వాద్యబృందం ఉంటుందట, ఊరివాళ్లే చందాలేసి నడుపుతారట. మనకి దాని బదులు ఈ కాలేజీ ఉంది కదా! గాత్రం, వీణ, ఫిడేలు, మృదంగం, సన్నాయి, డోలు అన్నీ నేర్పే బడి అది. శ్రీరామనవమి పందిట్లో పాడినా, పెళ్లిలో సన్నాయి ఊదినా, వాళ్లలో ఎవరో ఒకరు ఆ గడప తొక్కినవాళ్లే. సాయంత్రం ఆ వీధిన పోతే సరళీ స్వరాలు వినిపించీవి, అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లు తప్పు పట్టీవారు కూడా.

కాలేజీకి నూరేళ్లు దాటినాయి. ఇప్పటికీ పాఠాలు చెప్తున్నారు. ఈ సెలవులు అయ్యేలోపు మీరు ఏటి నేర్చుకుంటారో తేల్చుకోండి, నేనే తీసుకెళ్లి చేర్పిస్తాను.