ఏ వేళ నీరు? రాజమహేంద్రవరం వద్ద గోదావరి స్నానయోగ్యత, జలచరాల మనుగడ: అంచనా పద్ధతులపై పరిశీలన

సారాంశం

నదీజలాల నాణ్యతను మన దేశంలో ప్రధానంగా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్దేశించిన వినియోగ తరగతులను బట్టి తేలుస్తున్నారు. రాజమహేంద్రవరం, ధవళేశ్వరం మధ్య గోదావరిని ఉదాహరణగా తీసుకుని, స్నానానికి ఉద్దేశించిన ‘బి’ తరగతినీ చేపలకు ఉద్దేశించిన ‘డి’ తరగతినీ ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. నీటిలో ఏం కొలుస్తున్నామన్నది ఎంత ముఖ్యమో, ఏ వేళ కొలుస్తున్నాం, ఫలితాన్ని ఏ గణాంకంతో చెబుతున్నాం అన్నవీ అంతే ముఖ్యం. మనిషికి ముప్పు వచ్చే వేళ వేరు, చేపకు ముప్పు వచ్చే వేళ వేరు. కాబట్టి పర్యవేక్షణ కూడా వేర్వేరుగా సాగాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: గోదావరి, స్నానయోగ్యత, మల కోలిఫాం, కరిగిన ఆక్సిజన్, స్వేచ్ఛా అమ్మోనియా, పులస

1. ప్రస్తావన

ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన, నీరు నిలిచే భాగంలో రాజమహేంద్రవరం స్నానఘట్టాలున్నాయి. పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు, గౌతమీ ఘాట్‌లలో కార్తీక మాసమంతా తెల్లవారుజామునే మునకలు మొదలవుతాయి. 2015 జులై 14 నుంచి 25 వరకు ఇక్కడ పుష్కరాలు జరిగాయి. మళ్లీ 2027లో రానున్నాయి. బ్యారేజీకి దిగువన, వానాకాలంలో ఎర్రనీరు రాగానే బంగాళాఖాతం నుంచి పులస చేప ఏటికి ఎదురీదుతూ వస్తుంది.

‘ఈ నీరు బాగుందా?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ‘ఎవరికి?’ అని అడగాలి. వినియోగ తరగతుల పద్ధతి ఆ మాట అడుగుతుంది. ‘ఎప్పుడు?’ అని మాత్రం అడగదు.

2. రెండు తరగతుల పోలిక

‘బి’ తరగతి నీటిలో మొత్తం కోలిఫాంలు 100 మి.లీ.కు 500 ఎంపీఎన్ (అత్యంత సంభావ్య సంఖ్య) మించకూడదు. కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మి.గ్రా. ఉండాలి, బీవోడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) 3 మి.గ్రా. దాటకూడదు. ‘డి’ తరగతికి ఆక్సిజన్ 4 మి.గ్రా. ఉంటే చాలు, స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మి.గ్రా. మించకూడదు. పీహెచ్ రెండింటికీ 6.5 నుంచి 8.5 వరకే.

పక్కపక్కన పెట్టి చూస్తే రెండు సంగతులు తేలతాయి. ‘బి’లో అమ్మోనియా ఊసు లేదు, ‘డి’లో కోలిఫాంల ఊసు లేదు. ఒక తరగతిలో నెగ్గిన నీరు రెండో దానిలోనూ నెగ్గుతుందన్న భరోసా లేదు. ఇక రెండోది: నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చి బతికే చేపకు 4 మి.గ్రా. చాలన్న పట్టిక, ఆ ఆక్సిజన్‌తో నేరుగా పనిలేని మనిషికి 5 కావాలంటోంది. దీనికి కారణం లేకపోలేదు. స్నానఘట్టంలో ఆక్సిజన్ ఒక గుర్తు మాత్రమే. అది తగినంత ఉంటే దగ్గర్లో సేంద్రియ మురుగు పెద్దగా కలవడం లేదనీ, అడుగు బురదలోంచి దుర్వాయువులు రావడం లేదనీ అర్థం. చేపకు అదే ప్రాణవాయువు. ఒకే కొలత ఒకచోట ఆనవాలు, మరోచోట ప్రాణం.

కలుషిత నదీ భాగాల జాతీయ జాబితా ఇంకా ఇరుకైనది. 2018లో 351, 2022 నివేదికలో 311 భాగాలను గుర్తించినప్పుడు కొలబద్ద బీవోడీ ఒక్కటే. అది 3 మి.గ్రా. దాటితేనే జాబితాలో చేరుతుంది. బీవోడీ 2.5 ఉండి మల కోలిఫాంలు హద్దు మీరిన రేవుకు ఆ జాబితాలో చోటు దొరకదు.

3. మునక వేసే వేళ

స్నానపు నీటికి 2000లో నోటిఫై చేసిన ప్రాథమిక ప్రమాణాల ప్రకారం మల కోలిఫాంలు 100 మి.లీ.కు 500 లోపు ఉండటం వాంఛనీయం; గరిష్ఠ పరిమితి 2,500. మల స్ట్రెప్టోకాకైకి ఆ అంకెలు 100, 500.

ఈ సంఖ్యలు గంటగంటకూ మారతాయి. ఎండాకాలమంతా కాలువల్లో పేరుకున్న మురుగు తొలకరి జల్లుకు ఒక్కసారిగా నదిలో పడుతుంది. వరద పెరిగాక నీరు పలచబడుతుంది కాబట్టి బీవోడీ తగ్గవచ్చు. అయితే మల బ్యాక్టీరియాను చంపే సూర్యకాంతి ఎర్రనీటిలో లోతుకు దిగలేదు. దానికి తోడు, నమూనాను పొదిగించి ఎంపీఎన్ ఫలితం తేల్చడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఫలితం చేతికి వచ్చేసరికి మునిగినవారు ఇళ్లకు చేరిపోయి ఉంటారు.

గణాంకం మారితే తీర్పు ఎలా మారుతుందో 2025 ప్రయాగ్‌రాజ్ మహాకుంభమేళా చూపించింది. వివిధ సందర్భాల్లో నీరు మల కోలిఫాంల విషయంలో స్నాన ప్రమాణాలకు తగినట్టు లేదని కేంద్ర మండలి మొదట జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు నివేదించింది. తర్వాతి నివేదికలో, కొలతల మధ్యగతం 1,400 అనీ అది 2,500 పరిమితికి లోబడే ఉందనీ తెలిపింది. రెండూ నిజమే కావచ్చు. కానీ మధ్యగతం చెప్పేది సగం కొలతలు అంతకు తక్కువని మాత్రమే, మిగతా సగం ఎంతవరకు పోయాయో అది చెప్పదు. భక్తుడు మునిగేది ఒకరోజు నీటిలో. మధ్యగతంలో ఎవరూ మునగరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 మార్గదర్శకాలు వినోద జలాలను పేగు ఎంటెరోకోకైల 95వ పర్సెంటైల్‌తో వర్గీకరించడం ఇందుకే: అది చెడ్డ రోజులను లెక్కలోంచి జారిపోనివ్వదు.

4. చేపకు ఊపిరాడని వేళ

ఆక్సిజన్ కొలతకు 1888 నాటి వింక్లర్ పద్ధతి నేటికీ ప్రామాణికం. బుడగ చేరకుండా నింపిన సీసాలో రేవు మీదే మాంగనీస్ సల్ఫేటు, క్షారయుత అయొడైడు ద్రావణాలు వేస్తారు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం తునకలుగా కిందికి దిగుతుంది. లేకపోతే అది తెల్లగా మిగిలిపోతుంది. ఆమ్లం పోసి, గంజి ద్రావణం చేర్చి, నీలిరంగు పోయేదాకా థయోసల్ఫేటుతో అంశమాపనం చేస్తారు.

ఇంత నిక్కచ్చి పద్ధతి కూడా నమూనా తీసిన వేళ గురించే చెబుతుంది. పగలు నాచు, నీటిమొక్కలు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. రాత్రి వాటితో సహా అన్నీ దాన్ని వాడుకుంటాయి. నిలకడ నీటిలో తెల్లవారేముందు అది అడుగంటుతుంది. సిబ్బంది నమూనాలు తీసే పగటివేళ దాదాపు శిఖరానికి చేరుతుంది. వేసవిలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీరు సుమారు 9.1 మి.గ్రా. ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. అదే వేడికి చేప అవసరమేమో పెరుగుతుంది.

అమ్మోనియా వేళలు ఇందుకు తలకిందులు. నీటిలోని మొత్తం అమ్మోనియాలో చేప మొప్పలకు ప్రధానంగా హాని చేసేది అయానీకరణ చెందని భాగం. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే అది అర శాతమే, 8 వద్ద సుమారు 5 శాతం, 9 వద్ద 36 శాతం. నాచు కార్బన్ డయాక్సైడును లాగేసుకోవడంతో మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది. ఆక్సిజన్ లేమి తెల్లవారుజామున, అమ్మోనియా విషం మధ్యాహ్నం. చేపకు ఒకే రోజులో రెండు గండాలు.

5. అడుగున ఉండే సాక్షులు

నీరు సాగిపోతుంది, అడుగున బతికే పురుగులు అక్కడే ఉంటాయి. మేఫ్లై, క్యాడిస్‌ఫ్లై పిల్లపురుగులు మురుగును తట్టుకోలేవు. ఎర్రటి కైరోనోమిడ్ పురుగులు, ట్యూబిఫెక్స్ పురుగులు ఆక్సిజన్ తక్కువైనా నెగ్గుకొస్తాయి. ఏవి మిగిలాయో చూస్తే గడిచిన వారాల చరిత్ర తెలుస్తుంది. కేంద్ర మండలి జీవశాస్త్ర ప్రమాణాలకు ఆధారం ఇదే. అయితే పాపికొండల దగ్గరి రాతి అడుగును ధవళేశ్వరం ఇసుక అడుగుతో పోల్చకూడదు. ఇసుకలో సహజంగానే జాతులు తక్కువ. పైగా నీరెంత శుభ్రంగా ఉన్నా బ్యారేజీ తలుపులు, ప్రవాహం పులసకు దారి ఇస్తాయో లేదో ఏ రసాయన పరీక్షా చెప్పలేదు.

6. ప్రతిపాదనలు

స్నానఘట్టాల వద్ద జనం మునిగే వేళకే, నడుములోతు నీటిలో, మురుగు కాలువలు కలిసే చోటుకు దిగువన నమూనాలు తీయాలి. తొలి వానల తర్వాత, పర్వదినాల్లో అదనంగా తీయాలి. మధ్యగతంతోపాటు 95వ పర్సెంటైల్‌నూ ప్రకటించాలి. ఫలితం ఎలాగూ ఆలస్యం కాబట్టి, వర్షపాతం, కాలువ ప్రవాహాలను బట్టి రేవు మీద ముందస్తు హెచ్చరికలు పెట్టాలి.

చేపల కోసం ఏప్రిల్, మే నెలల్లో బ్యారేజీకి ఇరువైపులా 24 గంటలూ ఆక్సిజన్‌ను నమోదు చేసే సెన్సర్లు ఉండాలి. అమ్మోనియాను మధ్యాహ్నం పూట, అదే క్షణపు పీహెచ్, ఉష్ణోగ్రతలతో కలిపి లెక్కించాలి. అడుగు జీవులను చలికాలంలో, వేసవిలో పరిశీలించి అదే చోటి పాత లెక్కలతో పోల్చాలి.

7. ముగింపు

ఇందుకు కొత్త ప్రమాణాలేమీ అక్కర్లేదు, ఉన్నవాటికి వేళను జోడిస్తే చాలు. పుష్కరాల సమయంలో కొలత గంటగంటకూ జరిగినా, ఆ పన్నెండు రోజులతో సరిపెట్టుకుంటే పోల్చి చూడటానికి ఆధారం ఉండదు. కనీసం రెండు వానాకాలాల ముందునుంచే లెక్కలు ఉంటేనే, 2027లో కనిపించిన అంకె జనసందోహం వల్ల వచ్చిందా, నిత్యం కలుస్తున్న మురుగు వల్ల వచ్చిందా అన్నది తేల్చగలం. మొదటి కారణమైతే ఉత్సవ ఏర్పాట్లు మార్చుకోవాలి. రెండోదైతే నగర మురుగుశుద్ధిని పెంచాలి. ఆ తేడా తెలియనంత కాలం, ఖర్చు ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు.