మారుపేర్ల పచ్చరాయి

అత్వెల్లి చుట్టూ ఎటు చూసినా గ్రానైటు బండలే. నాగపూర్ రోడ్డు మీద మేడ్చల్ దాటాక ఎండ పడి తళుక్కుమనేది పలుగురాయి. పలుగురాయి పుట్టిన బండలో పెరిడాట్ అనే ఆకుపచ్చ రాయి పుట్టదు, రెంటికీ పొసగదు. కాబట్టి ఈ నేలకు పెరిడాట్ ఎప్పుడూ పరాయిదే. అదేం చిత్రమో, వచ్చినప్పుడల్లా పక్కవాళ్ల పేరు పెట్టుకునే వచ్చింది.

ఎర్రసముద్రంలో ఈజిప్టు తీరానికి దగ్గరగా జబర్గాద్ అనే చిన్న దీవి ఉంది. పాతకాలపు పెరిడాట్‌కు పుట్టిల్లు అదే. గ్రీకులు, రోమన్లు ఈ రాయిని 'టోపాజ్' అన్నారు. మొదటి శతాబ్దపు పెరిప్లస్ గ్రంథం మన పడమటి తీరపు రేవులైన భరుకచ్ఛానికీ, ముజిరిస్‌కూ దిగుమతయ్యే సరుకుల్లో 'క్రిసోలిథోస్' ఒకటని చెబుతుంది. అది పెరిడాటే కావచ్చని కొందరు పండితుల ఊహ. మన మసూలా (మచిలీపట్నం) తీరం నుంచి ఆ గ్రంథకర్తకు కనిపించింది మాత్రం సన్నబట్టే. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ శాతవాహన మట్టిదిబ్బల్లో రోమన్ నాణేలు, రంగురాళ్ల పూసలు దొరికాయి. రాళ్ల మీద మోజు మనకు నిన్న మొన్నటిది కాదు.

మోజు ఉన్నా, నవరత్నాల్లో దీనికి చోటు దక్కలేదు. ఆకుపచ్చ అంటే మరకతమే. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు కొలంబియా గనులను చేజిక్కించుకున్నాక గోవా మీదుగా పచ్చలు దక్కనుకు వచ్చాయి. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్న 173 నిజాం నగల్లోనూ ఎక్కువగా మిలమిలలాడేవి వజ్రాలు, ముత్యాలు, ఆ కొలంబియా పచ్చలే. ఉర్దూలో 'జబర్జద్' అనే మంచి పేరున్నా పెరిడాట్ అప్రధానంగానే ఉండిపోయింది. యూరప్‌లోనూ ఇదే తంతు: కొలోన్ చర్చిలోని ముగ్గురు రాజుల పేటికకు పొదిగిన పెరిడాట్లను శతాబ్దాల పాటు పచ్చలనే నమ్మారు.

ఇక్కడో విడ్డూరం. పెరిడాట్ అంటే నగకు పనికొచ్చే ఆలివిన్. వజ్రాన్ని పైకి మోసుకొచ్చే కింబర్లైట్ శిలలో ప్రధాన ఖనిజం కూడా ఆలివినే. అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఆ శిల ఉంది. కానీ నీరు తగిలి దానిలోని ఆలివిన్ చాలావరకు సర్పెంటైన్‌గా మారిపోయింది. వజ్రం మిగిలింది, దాన్ని మోసుకొచ్చినది మట్టిలో కలిసింది.

అమెరికా నగల వ్యాపారులు 1912లో పుట్టిన నెలల రాళ్ల జాబితా వేసి ఆగస్టుకు పెరిడాట్‌ను చేర్చారు. దానికి సొంత పేరుతో గిరాకీ వచ్చింది అప్పటినుంచే అనుకోవచ్చు. 1990ల్లో పాకిస్తాన్ కోహిస్తాన్ కొండల్లో పెద్ద రాళ్లు బయటపడ్డాయి. ఇప్పుడది మన ఊళ్ల దుకాణాలకూ వస్తోంది. బుధుడికి పచ్చ ధరించలేనివాళ్లకు 'ఇదీ పచ్చ లాంటిదే' అని అంటగడుతున్నారు.

మా చిన్నమ్మకు అలాగే 'పచ్చ' ఉంగరం అమ్మారు. మేడ్చల్‌లో ఓ అవుసలాయన దాన్ని భూతద్దం కింద పెట్టి, "చూడు బిడ్డా, అడుగు గీతలు రెండు రెండుగా కనపడుతున్నయ్" అన్నాడు. నిజమే. వెలుతురును రెండుగా చీల్చడం పెరిడాట్ నైజం. పైగా పచ్చలో ఉండే నాచులాంటి మసకలు ఇందులో లేవు. రంగులో చిలకాకుపచ్చతో పాటు పసుపు జీర. ఆ రంగు దాని ఒంట్లోని ఇనుముది. అసలు పచ్చ రంగు క్రోమియం, వెనేడియం పుణ్యం. "రాయి మంచిదే, పేరే అబద్ధం" అన్నాడాయన. నాకైతే అంతకుమించిన తీర్పు కనపడలేదు.

కొంటే బిల్లు మీద 'పెరిడాట్' అనే రాయించుకోండి. మోహ్స్ కొలమానం ప్రకారం గట్టితనంలో ఇది 6.5 నుంచి 7 మధ్యనే, పలుగురాయి పొడి తగిలినా గీతలు పడవచ్చు. తేజాబుతో మాత్రం కడిగించకండి, మెరుపు పోతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు.