బడి తెరవాలా, మూయాలా? 1918 న్యూయార్క్ లెక్క

2022 జనవరిలో ఒమిక్రాన్ విజృంభిస్తున్నప్పుడు ఆంధ్రప్రదేశ్ సంక్రాంతి సెలవులు కాగానే 17వ తేదీన బడులు తెరిచింది. తెలంగాణ సెలవుల్ని 30వ తేదీ దాకా పొడిగించింది. వైరస్ ఒకటే, పండగ ఒకటే, ఏడున్నరేళ్ల కిందటి దాకా రాష్ట్రమూ ఒకటే! ఎవరిది తొందరపాటు, ఎవరిది భయం అని మనవాళ్లు బోలెడు వాదించుకున్నారు. తెరిచిన బడిలో పొద్దున్నే పిల్లవాడు గేటు దాటగానే ఏం జరగాలి అన్న ప్రశ్న మాత్రం ఆ గోలలో వెనకబడింది. దానికి వందేళ్ల కిందటే ఒక నగరం చాలా వివరంగా జవాబు చెప్పింది.

1918లో స్పానిష్ ఫ్లూ వచ్చినప్పుడు అమెరికాలో చాలా నగరాలు బడులు మూసేశాయి. న్యూయార్క్, షికాగో మూయలేదు. న్యూయార్క్ బడుల్లో అప్పుడు దాదాపు పది లక్షల మంది పిల్లలు. వాళ్లలో ఎక్కువమంది గాలీ వెలుతురూ సరిగా లేని ఇరుకు అద్దె వాటాల్లో బతికేవాళ్లు. నగర ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్లండ్ వాదన సూటిగా ఉంది: బడి మూస్తే వీళ్లు పోయేది ఆ గదుల్లోకే, లేకపోతే వీధుల్లోకి. బడికి వస్తే రోజూ ఎవరో ఒకరు కనిపెట్టి చూస్తారు.

అయితే ఈ మాట అనగలగడానికి ఆయన వెనక ఒక ఏర్పాటు ఉంది. అసలు సంగతి అదే. న్యూయార్క్ బడుల్లో డాక్టర్ల తనిఖీ 1897లోనే మొదలైంది. మొదట్లో అది సగం పని. అంటురోగం కనిపిస్తే పిల్లవాణ్ణి ఇంటికి పంపేసేవారు, అంతటితో సరి. వాడికి మందూ ఉండదు, చదువూ ఉండదు. సాయంత్రం అదే వీధిలో అదే పిల్లలతో ఆడుకునేవాడు. 1902లో లీనా రోజర్స్ అనే నర్సుని ప్రయోగాత్మకంగా బడుల్లో పెట్టారు. ఆమె చిన్న జబ్బులకి బడిలోనే వైద్యం చేసింది, ఇళ్లకి వెళ్లి తల్లులకి ఏం చేయాలో చెప్పింది. ఏడాది తిరిగేసరికి ఇళ్లకి పంపాల్సి వచ్చిన పిల్లల సంఖ్య దాదాపు 90 శాతం తగ్గింది. 1908లో పిల్లల ఆరోగ్యానికి ప్రత్యేక విభాగమే ఏర్పడింది. దాని అధిపతి డాక్టర్ జోసఫిన్ బేకర్. 1918లో బడులు మూయొద్దని గట్టిగా పట్టుబట్టిన వాళ్లలో ఆమె ఒకరు.

ఇక నియమాలు చూడండి. పిల్లలు బడి బయట గుమిగూడకుండా నేరుగా తరగతికి పోవాలి. టీచరు ప్రతి ఉదయం ఒక్కొక్కరినీ చూడాలి. దగ్గో జ్వరమో అనిపిస్తే వెంటనే వేరుచేయాలి. ఆరోగ్య శాఖ మనిషి ఆ పిల్లవాణ్ణి ఇంటికి తీసుకువెళ్లి, విడిగా ఉంచడానికి ఆ ఇల్లు సరిపోతుందో లేదో చూడాలి. సరిపోకపోతే ఆసుపత్రికి పంపాలి. ఆ ఇంటి తనిఖీ దగ్గరే నా మనసు ఆగిపోతుంది. 'హోమ్ ఐసొలేషన్‌లో ఉండండి' అని ఒక్కగది ఇంటివాళ్లకి ఫోనులో చెప్పిన రోజులు మనం చూశాం కదా!

బడులు తెరిచి ఉంచడం వల్లే న్యూయార్క్ గట్టెక్కింది అనుకుంటే అదీ ఒక రకం మూఢనమ్మకమే అవుతుంది. అక్కడ మరణాల రేటు బోస్టన్, ఫిలడెల్ఫియాల కంటే తక్కువ, నిజమే. కానీ రోగుల్ని విడిగా ఉంచడం, రైళ్లలో రద్దీ తగ్గించడానికి ఆఫీసుల, దుకాణాల వేళలు మార్చడం లాంటివి కూడా అక్కడ జరిగాయి. 43 అమెరికా నగరాల రికార్డుల్ని పరిశీలించి 2007లో వెలువడిన అధ్యయనం తేల్చింది కూడా ఇదే: త్వరగా మొదలుపెట్టి, ఒకటికి నాలుగు జాగ్రత్తలు ఎక్కువకాలం పాటించిన చోట చావులు తగ్గాయి. వాటిలో బడులు మూయడమూ ఒకటి.

హేతువాద మిత్రులకి ఒక తమాషా సంగతి. ఈ కోప్లండ్ హోమియోపతీ డాక్టరు! హోమియో కాలేజీకి డీన్‌గా పనిచేశాడు. సెనేటరయ్యాక 1938 ఔషధ చట్టంలో హోమియో మందులకి చోటు కల్పించాడు కూడా. అయినా 1918లో ఆయన నిర్ణయం తీసుకున్నది ఇళ్లూ, నర్సులూ, పిల్లల సంఖ్యా చూసి. 2021లో కేరళ నవంబర్ 1న బడులు తెరిచే ముందు ఏం చేసిందో గుర్తుందా? అంత అక్షరాస్యత గల రాష్ట్రం పిల్లలకి ఆర్సెనికమ్ ఆల్బమ్ మాత్రలు పంచింది.

నేను మూడు దశాబ్దాలు రక్షణ శాఖ పద్దుల్లో ఓచర్లు తిరగేసినవాణ్ణి. దేనికి బిల్లు వస్తుందో అదే జరుగుతుందని నాకు తెలుసు. థర్మల్ గన్‌కి బిల్లుంది, హైపోక్లోరైట్ పిచికారీకి బిల్లుంది. కిటికీ తెరవడానికి బిల్లు లేదు. కోవిడ్ గాలిలో వ్యాపించదని 2020 మార్చిలో ఢంకా బజాయించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో గాని మాట మార్చుకోలేదు. వస్తువులు తాకడం వల్ల సోకే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా సీడీసీ కూడా ఆ ఏడాదే చెప్పింది. ఆ తర్వాత కూడా బల్లలు తుడిచి, ఏసీ గది తలుపులు మూసుకుని పాఠాలు చెప్పిన బడులున్నాయి. 1908లో ప్రావిడెన్స్ నగరంలో క్షయ భయమున్న పిల్లల కోసం ఇద్దరు మహిళా డాక్టర్లు ఒక పాత బడి గోడకి పెద్ద కిటికీలు పెట్టించి, వాటిని తెరిచే ఉంచారు. గడ్డకట్టే చలిలో, కంబళ్లు చుట్టి, కాళ్ల దగ్గర వేడిచేసిన రాళ్లు పెట్టి చదివించారు.

మన దేశంలో బడి పిల్లల ఆరోగ్య పరీక్షకి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. దాని నిబంధనల ప్రకారం వైద్య బృందం బడికి రావాల్సింది ఏడాదికి ఒకసారి. మిగతా రోజుల్లో పొద్దున్నే వాకిట్లో నిలబడి పిల్లల మొహాలు చూడాల్సింది టీచరే. ఎవరికైనా ఒళ్లు కాలుతున్నట్టు అనిపిస్తే, ఆ పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపోయి ఆ ఇల్లెలా ఉందో చూసి వచ్చే మనిషికి ఆ పద్దులో జీతం రాసి లేదు.