పుస్తకం మోసిన చేతులు

పుస్తకాలు మనిషి దృక్పథాన్ని మారుస్తాయంటాం. నిజమే గాని అది సగం నిజం. ఒక పుస్తకం ఏ చేతుల మీదుగా, ఏ నిర్బంధాలు దాటి పాఠకుడి దగ్గరికి వచ్చిందో చెప్పకపోతే, ఆ ప్రభావమంతా రచయిత మహిమగానే మిగిలిపోతుంది. నా ఆలోచనను మలచిన పుస్తకాలు ప్రధానంగా మూడు: ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, గోర్కీ ‘అమ్మ’, వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. వాటి వెనుక ఉన్న చరిత్ర తెలిశాకనే వాటి విలువ నాకు పూర్తిగా బోధపడింది.

‘మాలపల్లి’ జైలులో పుట్టిన నవల. పల్నాటి ఉద్యమ కాలంలో శిక్షపడిన ఉన్నవ రాయవేలూరు జైలులో దాన్ని రాశాడు. 1922లో అచ్చయిన కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని సవరణలతో గాని తిరిగి అనుమతి దొరకలేదు. ఒక కథను చూసి ప్రభుత్వం ఎందుకు భయపడింది? మాల కుటుంబాన్ని నవలకు కేంద్రం చేయడమే ఆనాటికి పెద్ద మార్పు. కూలీల పక్షాన నిలిచిన సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిలో ప్రాణం కోల్పోతాడు. అతని అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై తిరగబడతాడు. హృదయ పరివర్తన మీద ఈ నవలకున్న నమ్మకంతో నాకు ఏకీభావం లేదు. అయినా కులాన్నీ, కూలినీ విడదీసి చూడరాదని నేను మొదట నేర్చుకున్నది ఇక్కడే.

‘అమ్మ’కు ఆధారం 1902లో రష్యాలోని సోర్మొవొ కార్మికులు జరిపిన మేడే ప్రదర్శన. ఆనాడు ఎర్రజెండా పట్టి అరెస్టయిన ప్యోత్ర్ జలోమొవ్, అతని తల్లి అన్నా ఈ నవలలోని ముఖ్యపాత్రలకు మూలం. క్రొవ్విడి లింగరాజు అనువాదం దీన్ని తెలుగు పాఠకులకు అందించింది. విమర్శకులు సాధారణంగా పావెల్ గురించి ఎక్కువగా మాట్లాడతారు. నన్ను పట్టుకున్నది మాత్రం తల్లి నీలొవ్నా. భర్త దెబ్బలు తిని, భయంతో బతికిన మనిషి ఆమె. నడివయసులో అక్షరాలు కూడబలుక్కుంటుంది. కొడుకు జైలుకు పోయాక అన్నం అమ్మే మిషతో కరపత్రాలను ఫ్యాక్టరీలోకి చేరవేస్తుంది. చివరికి కొడుకు కోర్టు ప్రసంగం అచ్చు ప్రతులతో రైల్వే స్టేషనులో పట్టుబడి, వాటిని జనానికి పంచుతుంది. చదువు ఆమెను ఇంట్లో కూర్చోబెట్టలేదు. అచ్చుకాగితాన్ని మరొకరి చేతికి అందించే మనిషిని చేసింది.

తెలుగు నేల మీద ఆ పని చేసినవాడు ఆళ్వారుస్వామి. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం చదవడమే ఒక ఉద్యమం. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభకు నేల సిద్ధం చేసినవాటిలో ఇలాంటి గ్రంథాలయాలున్నాయి. ఆ నేల నుంచి వచ్చిన ఆళ్వారుస్వామి పెద్ద చదువులు చదివినవాడు కాడు. ఇతరుల ఇళ్ళలో వంట చేశాడు, హోటలులో పనిచేశాడు, గోల్కొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు అచ్చువేయించి, సంచిలో మోసుకుపోయి అమ్మాడు. నిజామాబాదు జైలులో తనతో ఉన్న దాశరథి తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చాడు.

అందుకే 1955లో వచ్చిన ‘ప్రజల మనిషి’ నాకు కేవలం నవలగా కనిపించదు. సాయుధ పోరాటానికి ముందరి తెలంగాణ పల్లె దిమ్మెగూడెం అందులో ఉంది. దొర రామభూపాలరావు పెత్తనం, వెట్టి, ఆ జనం మధ్యనే ఎదిగిన కంఠీరవం ఉన్నారు. కంఠీరవం పైనుంచి దిగివచ్చిన నాయకుడు కాడు. ప్రజలతో కలిసి నడుస్తూ చైతన్యం పొందినవాడు. పాఠకుల మధ్య తిరిగిన రచయితకే అలాంటి పాత్ర సాధ్యమైందని నా అభిప్రాయం. ఎవరికోసం రాయాలో ఆయనకు సిద్ధాంతం చెప్పనక్కరలేదు. పుస్తకం కొనడానికి చేతిలో డబ్బు లేనివాళ్ళ ముఖాలు ఆయన చూశాడు.

ఈ మూడు పుస్తకాల నుంచి నేను గ్రహించినది ఒకటే. దృక్పథమంటే ఒంటరి పాఠకుడు గదిలో సంపాదించుకునే ఆస్తి కాదు. జైలులో రాసినవాడు, అనువదించినవాడు, మోసినవాడు, చదివి వినిపించినవాడు కలిసి నిర్మించేది. 1960లో వచ్చిన గ్రంథాలయ చట్టం పుస్తకాల కోసం ప్రజల దగ్గర పన్ను వసూలు చేసే ఏర్పాటు చేసింది. పన్ను ప్రజలదైనప్పుడు, పుస్తకం ప్రతి పల్లెకూ చేరాలని అడిగే హక్కూ ప్రజలదే. మన సాహిత్య చరిత్రలు రచయితల పేర్లతో, ప్రచురణ సంవత్సరాలతో నిండి ఉన్నాయి. పాఠకుడి చరిత్ర ఇంకా రాయవలసే ఉంది. సాహిత్య విద్యార్థులు అభిమాన గ్రంథాల జాబితా రాసేటప్పుడు, ప్రతి పేరు పక్కన ‘ఇది నాకెవరు ఇచ్చారు, నేనెవరికిచ్చాను?’ అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. రెండో ప్రశ్నకు జవాబు లేని చోట పుస్తకం పని సగంలోనే ఆగిపోయినట్టు.