సురేకారం నుంచి బీట్‌రూట్ దాకా

బీట్‌రూట్ జ్యూస్ బీపీ తగ్గిస్తుందా? కొంత తగ్గిస్తుంది, తాగినన్ని రోజులు. ఆ జవాబు ఒక్కటే కావాలంటే ఈ వ్యాసం అక్కర్లేదు. నన్ను పట్టుకున్న సంగతి వేరే. ఆ గ్లాసులో అసలు పని చేసేది నైట్రేట్. అదే నైట్రేట్ బోరు నీళ్లలో కనిపిస్తే కాలుష్యం అంటాం. ఒకే పదార్థం ఒకచోట విషం, ఇంకోచోట మందు ఎట్లా అయిందో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి.

నైట్రేట్ మనకి కొత్తదేం కాదు. సురేకారం అంటే పొటాషియం నైట్రేటే. పశువుల కొట్టాల దగ్గర, పాత గోడల అడుగున ఉండే మట్టిని నీళ్లలో కలిపి, వడకట్టి, కాచి తీసేవాళ్లు. అక్బరు కాలంలో దానితో తాగే నీళ్లు చల్లబరిచేవాళ్లని ఐనె అక్బరీ చెప్తుంది. తుపాకిమందులో సుమారు ముప్పాతిక వంతు ఇదే కాబట్టి ఈస్టిండియా కంపెనీ బిహార్ నుంచి ఓడల కొద్దీ తరలించింది. 20వ శతాబ్దం మొదట్లో హేబర్, బాష్ గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే దారి చూపించాక అది ఎరువు బస్తాల్లోకి చేరింది. పొలంలో చల్లిన యూరియా కూడా మట్టిలోని బాక్టీరియా వల్ల చివరికి నైట్రేట్‌గా మారుతుంది. మొక్క తీసుకున్నంత తీసుకుంటుంది. మిగిలింది వాన నీళ్లతో కిందికి దిగి బావుల్లో కలుస్తుంది.

1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే డాక్టరు, బావి నీళ్లతో కలిపిన సీసాపాలు తాగిన పసిపిల్లలు నీలంగా మారడాన్ని గమనించాడు. కారణం ఆ నీళ్లలోని నైట్రేట్. అది పసివాళ్ల కడుపులో నైట్రైట్ అయి, రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డుపడుతుంది. తాగునీళ్లకి పరిమితులు పెట్టడం వెనక ఉన్నది ప్రధానంగా ఈ భయమే. మన దేశంలో ఆ పరిమితి లీటరుకి 45 మిల్లీగ్రాములు. 1970ల నాటికి నైట్రైట్ కలిపి నిల్వచేసే మాంసం మీద క్యాన్సర్ అనుమానం కూడా వచ్చి, నైట్రేట్ పేరు పూర్తిగా చెడిపోయింది.

సిద్దిపేట ప్రాంతానికి ఈ కథ పరాయిది కాదు. ఇక్కడి బోర్లలో ఫ్లోరైడ్‌తో పాటు నైట్రేట్ కూడా హద్దు దాటిన చోట్లున్నాయి. మిషన్ భగీరథ మొదలైంది కూడా ఇక్కడే, గజ్వేల్ దగ్గరి కోమటిబండలో, 2016 ఆగస్టు 7న. రెండు నెలలకి, అక్టోబర్ 11న, సిద్దిపేట జిల్లా అయింది. బోరు నీళ్లు వద్దని నల్లా నీళ్లకి మారిన ఊళ్లే, ఇప్పుడు పొద్దున్నే బీట్‌రూట్ గ్లాసు ఎత్తుతున్నాయి.

ఈ రెండో దారి గుండె మందుతో మొదలైంది. డైనమైట్‌లో వాడే నైట్రోగ్లిజరిన్ గుండెనొప్పికి పనిచేస్తుందని 1879లో విలియం మరెల్ రాశాడు. ఎందుకు పనిచేస్తుందో తేలడానికి వందేళ్లు పట్టింది. రక్తనాళాలని సడలించేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. ఆ పరిశోధనకి 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ వచ్చింది. తర్వాత స్వీడన్‌లో లుండ్‌బెర్గ్, వైట్జ్‌బెర్గ్ బృందం నైట్రేట్ కూడా శరీరంలో అటే చేరుతుందని చూపించింది. మధ్యలో ఒక మజిలీ ఉంది: నాలుక. తిన్న నైట్రేట్‌లో సుమారు నాలుగో వంతు లాలాజలంలోకి తిరిగొస్తుంది. నాలుక మీది బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది. అది మింగాక నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. ఘాటైన మౌత్‌వాష్‌తో ఆ బాక్టీరియాని చంపేస్తే జ్యూస్ ప్రభావం చాలావరకు పోతుంది.

2008లో లండన్‌లో అమృతా అహ్లువాలియా బృందం ఆరోగ్యవంతులకి అర లీటరు జ్యూస్ ఇస్తే, మూడు గంటల్లోపు బీపీ పై అంకె సుమారు 10 తగ్గింది. 2015లో అదే బృందం బీపీ ఉన్న 64 మందిని తీసుకుని, సగం మందికి నాలుగు వారాలు రోజుకి 250 మిల్లీలీటర్లు ఇచ్చింది. మిగతా సగానికీ బీట్‌రూట్ జ్యూసే, కాకపోతే నైట్రేట్ తీసేసింది. అసలు జ్యూస్ తాగినవాళ్లకి పై అంకె 8 దాకా తగ్గింది. ఆపేశాక మళ్లీ మొదటికొచ్చింది.

లెక్క వేసి చూశాను. ఆ 250 మిల్లీలీటర్లలో నైట్రేట్ దాదాపు 400 మిల్లీగ్రాములు. అంటే పరిమితి అంచున ఉన్న బోరు నీళ్లు తొమ్మిది లీటర్లు తాగినట్టు. కానీ తాగేది సీసాపాల పసిబిడ్డ కాదు, పెద్దమనిషి. పైగా కూరగాయతో విటమిన్ సి లాంటివీ వస్తాయి. అవి క్యాన్సర్ అనుమానం ఉన్న సమ్మేళనాలు ఏర్పడకుండా కొంత అడ్డుకుంటాయి. హద్దులు రెండూ సరైనవే, మనుషులే వేరు.

మా చిన్నాయన ఆ మధ్య బీపీ గోలి పక్కనపెట్టి జ్యూస్ మొదలుపెట్టిండు. "గోలీల కెమికల్ ఉంటది బిడ్డా, ఇది భూమిల పెరిగింది" అన్నడు. కెమికల్ లేదనుకుని ఆయన తాగుతున్నది తుపాకిమందులో ఉన్న కెమికల్‌నే. "చిన్నాయనా, జ్యూస్ తాగు, గోలి మాత్రం డాక్టర్‌ని అడగకుండ ఆపకు" అని మాత్రమే చెప్పిన. బీపీ పెరిగినా చాలామందికి నొప్పి ఉండదు, తెలియదు. పక్షవాతం వచ్చేదాకా చప్పుడు చేయదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకైతే బీట్‌రూట్‌లోని పొటాషియం, ఆక్సలేట్‌లతో వేరే చిక్కు కూడా ఉంది.

ఇంకోటి. బీట్‌రూట్‌కి వాడుకలో తెలుగు పేరు లేదు, ఇంగ్లీషు కూరగాయగానే వచ్చింది. కానీ మన దేశవాళీ పాలకూర వృక్షశాస్త్రం ప్రకారం బీట్‌రూట్ జాతిదే, బీటా వల్గారిస్. పాలకూరలో, తోటకూరలో నైట్రేట్ దండిగా ఉంటుంది. ఉడికించిన నీళ్లు పారబోయకపోతే చాలా వరకు గిన్నెలోనే ఉంటుంది. లండన్ ప్రయోగాలు జ్యూస్ మీద జరిగాయి కాబట్టి గ్లాసుకి పేరొచ్చింది. మన ఇళ్లలో అది ఎప్పట్నుంచో పప్పులో పడి వస్తూనే ఉంది, మందు అనే పేరు లేకుండా.